వ్యక్తిగత ఋణాన్ని పదవితో తీర్చవచ్చా? తీర్చనివాడు కృతఘ్నుడేనా?

అర్ధవిరామం
నా చదువు మధ్యలో ఆగిపోయే స్థితిలో మా నాన్నగారి స్నేహితుడొకాయన నాలుగేళ్లపాటు నా ఫీజులు కట్టారు. నోటు రాయించుకోలేదు, తిరిగి ఇమ్మని ఏనాడూ అడగలేదు. ఉద్యోగం వచ్చాక నేను ఇవ్వబోతే, ‘నాకెందుకు, ఇంకెవరికైనా కట్టు’ అని తోసిపుచ్చారు. ఇరవై ఏళ్లు గడిచాక, నేను సభ్యుడిగా ఉన్న ఒక ఎంపిక సంఘం ముందుకు ఆయన కుమారుడు అభ్యర్థిగా వచ్చాడు. ఇంటర్వ్యూకు ముందు ఆయన ఫోన్ చేసి, ‘మావాడు వస్తున్నాడు, కాస్త చూడు’ అన్నారు. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. నేను ఆ అబ్బాయికి తగిన మార్కులే వేశాను. ఎంపికైనవారి జాబితాలో అతని పేరు లేదు. ఆనాటి నుంచి ఆయన నా ఫోన్ ఎత్తడం లేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టానని మా అమ్మ అంటోంది.

నా సందేహం ఇది. నేను ఆయనకు నిజంగా ఋణపడి ఉంటే, ఆ ఋణం తీర్చడం తప్పు ఎలా అవుతుంది? ఋణపడి లేకపోతే, నాకు నిద్ర ఎందుకు పట్టడం లేదు?

చివరిబెంచి
నిద్ర పట్టకపోవడమే ధర్మానికి గుర్తు అయితే, పరీక్షల ముందు రాత్రుల్లో నన్ను మించిన ధర్మాత్ముడు ఉండేవాడు కాదు.

తర్కశాస్త్రి
ప్రశ్నలోనే మెలిక ఉంది. ఋణం ఉందా లేదా అన్నది ఒకటి, దానిని దేనితో తీర్చాలి అన్నది మరొకటి. ఆయన మీకు ఇచ్చింది తన సొంత సొమ్ము. మీరు తిరిగి ఇవ్వవలసింది కూడా మీ సొంతమైనదే అయి ఉండాలి: మీ డబ్బు, మీ సమయం, మీ శ్రమ. ఆ ఉద్యోగం మీ సొత్తు కాదు; అర్హులెవరో తేల్చే పని మాత్రమే మీకు అప్పగించారు. పక్కవాడి జేబులోంచి తీసి అప్పు తీర్చినవాడిని నిజాయితీపరుడని ఎవరూ అనరు. కాబట్టి మీ ఋణమూ నిజమే, మీరు వేసిన మార్కులూ న్యాయమే. ఈ రెండింటికీ వైరుధ్యం ఉన్నట్లు కనిపించడం భ్రమ.

విశ్రాంత_గుమాస్తా
తర్కశాస్త్రి గారు రెండు నిమిషాల్లో లెక్క తేల్చేశారు గానీ, ముప్పై నాలుగేళ్లు ఫైళ్ల మధ్య గడిపినవాడిగా నాకు అది అంత తేలికగా మింగుడు పడడం లేదు. మనుషుల మధ్య ఉపకారాలన్నీ ఇలా ఖాతాలు విడదీసి జరగవు. కృతజ్ఞత అంటే మనకు గుర్తుకు వచ్చే మొదటి పేరు కర్ణుడిది. కృష్ణుడే స్వయంగా జన్మరహస్యం చెప్పి, రాజ్యం నీకే దక్కుతుందని అన్నా ఆయన దుర్యోధనుణ్ణి విడిచి రాలేదు. ఆ పక్షం అధర్మపక్షమని తెలిసి కూడా రాలేదు. వచ్చి ఉంటే ఇన్ని తరాలపాటు ఆయనను ఇలా తలచుకునేవాళ్లమా?

వెన్నెలవాగు
గుమాస్తా గారూ, యుద్ధంలో కర్ణుడు చెల్లించింది తన ప్రాణం. అది ఆయన సొత్తే, దాని దగ్గర నేనూ తల వంచుతాను. కానీ ద్రౌపదిని సభలోకి ఈడ్చుకు వచ్చిన రోజున స్నేహితుడి మెప్పు కోసం ఆయన చెల్లించింది ఎవరి సొత్తు? ఆ సభలోనే వికర్ణుడు ఉన్నాడు. దుర్యోధనుడికి స్వయానా తమ్ముడు. భీష్మద్రోణాది పెద్దలంతా సూటిగా తేల్చి చెప్పలేని చోట, ఇది అన్యాయమని లేచి పలికినవాడు అతడు. అతణ్ణి ‘కుర్రవాడివి, నీకేం తెలుసు’ అన్న ధోరణిలో నోరు మూయించినవాడు మీ కృతజ్ఞతామూర్తి కర్ణుడే.

విశ్రాంత_గుమాస్తా
ఆ సంగతి మరిచిపోలేదమ్మా. అయితే మీరూ ఒకటి మరిచిపోతున్నారు. ఆ వికర్ణుడే తరువాత అన్న పక్షాన నిలిచి పోరాడి, భీముడి చేతిలో చనిపోయాడు. సభలో ఉన్నప్పుడు సభకు చెల్లించాడు, రణంలో ఉన్నప్పుడు అన్నకు చెల్లించాడు. అర్ధవిరామం గారు సభ బాకీ చెల్లించారు, సరే. రెండో బాకీ మాటేమిటి అన్నదే నా పట్టు.

సందేహాలరావు
అసలు ‘తగిన మార్కులు’ అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇంటర్వ్యూ మార్కులు తక్కెడలో తూచి ఇచ్చేవి కావు. ఇటు మొగ్గడం ఎంత పక్షపాతమో, ‘నేను మొగ్గలేదు’ అని నిరూపించుకోవడానికి అటు మొగ్గడం కూడా అంతే పక్షపాతం. మీరు ఆ రెండోది చేయలేదని నమ్మకంగా చెప్పగలరా?

అర్ధవిరామం
చెప్పలేను. ఆ అబ్బాయికి ఏడు వేయాలా ఎనిమిది వేయాలా అని కొంతసేపు ఆగి, చివరకు ఏడు వేశాను. తెలియని మనిషి అయి ఉంటే ఎనిమిది వేసేవాడినేమో. ఆ ఒక్క మార్కు వల్ల ఫలితం మారేది కాదని తరువాత లెక్క చూసి నిర్ధారించుకున్నాను. అలా లెక్క చూసుకోవలసిన అవసరం నాకు ఎందుకు కలిగిందో మీకు తెలుస్తూనే ఉంది.

మూడోకన్ను
ఏడా ఎనిమిదా అన్నది తరువాతి మాట, ఆ కుర్చీలో ఆ పూట మీరు అసలు ఎందుకు కూర్చున్నారు? తన వ్యవహారంలో తానే తీర్పరిగా ఉండరాదన్నది న్యాయశాస్త్రంలో చాలా పాత సూత్రం. తీర్పరి చెడ్డవాడన్న అనుమానంతో పెట్టిన నియమం కాదది. మంచివాడైనా తన మొగ్గును తాను కొలుచుకోలేడు గనుక పెట్టారు. మీరు వేసిన ఏడు దానికి చక్కని ఉదాహరణ. ఒక్క మాట చెప్పి తప్పుకుని ఉంటే ఈ పేచీలేవీ ఉండేవి కావు.

అర్ధవిరామం
అభ్యర్థులలో మీ బంధువులెవరైనా ఉన్నారా అని మాత్రమే సంఘం వారి పత్రంలో అడిగారు. లేరని రాశాను, అది నిజమే. తప్పుకోవాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే నా చదువు ఎలా సాగిందో నలుగురిలో విప్పి చెప్పాలి. అది నాకు ఇష్టం లేకపోయింది.

వెన్నెలవాగు
‘అది నిజమే’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. నిజమే పలుకుతానని వ్రతం పట్టిన తాపసి అతడు. దొంగల బారి నుంచి పారిపోతున్నవాళ్లు అడవిలోకి వెళ్లి దాక్కుంటే, ఎటు వెళ్లారని దొంగలు అడిగినప్పుడు దారి చూపించాడు. వాళ్లు చచ్చిపోయారు, ఇతడు నరకానికి పోయాడు. పలికినది అక్షరాలా నిజం. సత్యం అనే ధర్మం ఎందుకోసం ఏర్పడిందో దానినే ఆ నిజం చంపేసింది. ఆ పత్రంలోని ప్రశ్న బంధుత్వం గురించి కాదు, ప్రభావం గురించి. అది మీకు అప్పుడే తెలుసు.

తర్కశాస్త్రి
దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచినవాడు జర్మన్ తత్త్వవేత్త కాంట్. 1797లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, హంతకుడే తలుపు దగ్గరకు వచ్చి నీ స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడిగినా అబద్ధం చెప్పే హక్కు నీకు లేదని వాదించాడు. కౌశికుడికి నరకం విధించిన న్యాయాన్ని ఆయన ఒప్పుకునేవాడు కాదు. అయితే అదే ఏడాది వెలువడిన తన నీతిశాస్త్ర గ్రంథంలో ఆయన కృతజ్ఞత గురించి చెప్పినది ఈ చర్చకు ఎక్కువ పనికి వస్తుంది. ఉపకారం చేసినవాడు ముందుగా, ఎవరూ బలవంతపెట్టకుండా చేశాడు. ఆ ‘ముందు’ అన్నది ఎన్ని ప్రత్యుపకారాలు చేసినా మనకు దక్కదు, కనుక ఈ ఋణం పూర్తిగా తీరేది కాదని ఆయన అభిప్రాయం.

చివరిబెంచి
తీరని ఋణాలకు వాయిదాలు ఉండవు కాబట్టి హాయిగా పడుకోవచ్చని దీని సారాంశంగా తీసుకుంటున్నాను.

పాతమర్రి
కాంట్ సరే, ఇచ్చినవాడి వైపు నుంచి ఎవరూ మాట్లాడడం లేదు. ఉపకారాల మీద రోమన్ తత్త్వవేత్త సెనెకా ఏడు భాగాల గ్రంథమే రాశాడు. ఇచ్చినవాడు ఇచ్చిన మరుక్షణం మరిచిపోవాలి, పుచ్చుకున్నవాడు ఎన్నటికీ మరవకూడదు, ఇద్దరి మధ్య ఉన్న చట్టం ఇదేనని అందులో ఒక మాట ఉంది. మీ శ్రేయోభిలాషి ఇరవై ఏళ్లు తన భాగాన్ని చక్కగా నిలబెట్టుకుని, ఒక ఫోన్ కాల్‌తో పోగొట్టుకున్నారు. ‘ఇంకెవరికైనా కట్టు’ అన్నరోజున ఆయన ఇచ్చినది దానం. ‘కాస్త చూడు’ అన్నరోజున దానిని వెనకటి తేదీతో అప్పుగా మార్చారు. అటువంటి అప్పుకు మీరు బాధ్యులు కారు.

విశ్రాంత_గుమాస్తా
పాతమర్రి గారూ, కన్నకొడుకు కోసం తండ్రి నోరు విప్పి అడిగినంతలో ఇరవై ఏళ్ల మంచితనం వెనకటి తేదీతో రద్దు అవుతుందా? ఇది మరీ ఆడిటర్ లెక్క. ఆయన అడగడం తప్పయితే కావచ్చు, అడిగినంత మాత్రాన ఇచ్చినది ఇవ్వనిది కాదు.

నీలిసిరా
నా అనుభవం ఒకటి చెబుతాను, సందర్భం కొంచెం వేరు. ఎప్పుడో నాకు అండగా నిలిచిన సహోద్యోగి ఒకరు అప్పు కోసం హామీ సంతకం పెట్టమని అడిగారు. ఆయన కట్టలేరని నాకు తెలుసు, అయినా పెట్టాను. ఆ తరువాత మూడేళ్లు నా జీతంలోంచి కట్టాను. అది కృతజ్ఞత అని ఆ మూడేళ్లూ అనుకున్నాను. ఇప్పుడు నిజాయితీగా చూసుకుంటే, ఆయన ఎదురుగా కూర్చుని కాగితం ముందుకు జరిపినప్పుడు ‘కుదరదు’ అన్న మాట నోటికి రాలేదు, అంతే. దానిపేరు మొహమాటం. మనం బాధ్యత అని పేరు పెట్టి మోసేవాటిలో సగం మొహమాటాలే. తేడా ఎలా పోల్చాలంటే, అవతలి మనిషి ఎదురుగా లేనప్పుడు కూడా ఆ పని చేయాలని అనిపిస్తుందా అని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. బాధ్యత మనిషి వెళ్లిపోయాక కూడా మిగులుతుంది, మొహమాటం ఆయన మెట్లు దిగగానే పోతుంది.

సందేహాలరావు
‘బాధ్యత’లోనే ‘బాధ’ ఉందని చిన్నప్పుడు నవ్వుకునేవాళ్లం. నిజానికి రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే. బాధ్యుడంటే ఒత్తిడికి లోబడినవాడు. అందుకే రెండింటినీ విడదీయడం కష్టమవుతోందేమో. నీలిసిరా గారి పరీక్ష నాకు నచ్చింది గానీ, అది ఎదురుగా ఎన్నడూ కనిపించనివారి విషయంలో ఎలా పనిచేస్తుంది? ఈ కథలో ఒక మనిషి గురించి ఇప్పటివరకు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఉద్యోగం వచ్చిన అభ్యర్థి. అర్ధవిరామం గారికి వారి పేరైనా గుర్తుందా?

అర్ధవిరామం
గుర్తులేదు. ముఖం కూడా సరిగా గుర్తు రావడం లేదు. ఈ ప్రశ్న చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాతమర్రి
సొంత జీవితంలోని బాధ్యతకూ పదవిలోని బాధ్యతకూ తేడా అక్కడే ఉంది. ఒకదానికి ముఖం ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది, అలిగే హక్కు ఉంటుంది. రెండోదానికి అవేవీ ఉండవు. మీరు అన్యాయం చేసి ఉంటే ఆ అభ్యర్థికి తనకు అన్యాయం జరిగిందన్న సంగతే తెలిసేది కాదు. అడగడం తెలియనివారి తరఫున అడగవలసినవాడు ఆ కుర్చీలో కూర్చున్నవాడే. నేను జవాబుపత్రాలు దిద్దిన రోజుల్లో పేర్లు కత్తిరించి అంకెలు వేసి పంపేవారు. మా మీద నమ్మకం లేకనే అలా చేస్తున్నారని మొదట్లో చిన్నబుచ్చుకునేవాడిని. తరువాత అది మాకు చేసిన మేలని తెలిసింది. ముఖాలు చూసి కూడా న్యాయంగా ఉండే భారాన్ని ఆ కత్తెర మా నెత్తి మీద నుంచి దించింది.

తర్కశాస్త్రి
నా మొదటి సమాధానాన్ని కొంత సవరించుకోవాలి. వైరుధ్యం భ్రమ అన్నాను, అది తొందరపాటు. బ్రిటిష్ తత్త్వవేత్త డబ్ల్యూ.డి. రాస్ 1930లో ప్రచురించిన గ్రంథంలో, మన కర్తవ్యాలన్నింటినీ ఒకే సూత్రం నుంచి రాబట్టడం కుదరదని చెప్పి, వాటిని విడివిడిగా పేర్కొన్నాడు. ఇచ్చిన మాట నిలుపుకోవడం, మన వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చడం, కృతజ్ఞత, న్యాయం, పరోపకారం, ఆత్మాభివృద్ధి, ఇతరులకు హాని చేయకపోవడం. రెండు ఎదురుపడ్డప్పుడు ఆ సందర్భంలో బరువైనదానిని పాటిస్తాం. కానీ ఓడిపోయినది మాయం కాదు. దాని మీద మనకు విచారం ఉండాలి, వీలైనంతలో వేరే దారిలో దానిని పూరించాలి. ఆ లెక్కన అర్ధవిరామం గారి నిద్రలేమికి అర్థం ఉంది. న్యాయం చేతిలో ఓడిపోయిన కృతజ్ఞత ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

మూడోకన్ను
ఆ జాబితాలో నన్ను ఆపినది కృతజ్ఞత కాదు, మొదటి రెండూ. అర్ధవిరామం గారూ, ఆయన ‘కాస్త చూడు’ అన్నప్పుడు మీరు తిరిగి ఏమన్నారో ఇంతవరకు రాయలేదు.

అర్ధవిరామం
‘చూద్దాం అండీ’ అన్నాను.

చివరిబెంచి
అయిపోయింది. ఇక్కడ జోకు వేయడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

నీలిసిరా
తెలుగులో ఇంతకంటే ప్రమాదకరమైన మాట లేదు. అన్నవాడి చెవికి అది ‘కుదరదు’, విన్నవాడి చెవికి అది ‘సరే’. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఇద్దరూ మోసపోయారు. నా హామీ సంతకం కథ కూడా ఒక ‘చూద్దాం’తోనే మొదలైంది.

తర్కశాస్త్రి
అక్షరార్థంలో అది వాగ్దానం కాదు. అవతలివారు ఎక్కువగా ఊహించుకుంటే దానికి పలికినవాడు బాధ్యుడు ఎలా అవుతాడు?

వెన్నెలవాగు
మళ్లీ అక్షరార్థమా? పత్రంలో ‘బంధువులు లేరు’ అన్నదీ అక్షరార్థమే, ఫోన్‌లో ‘చూద్దాం’ అన్నదీ అక్షరార్థమే. విన్నవాడు ఏమనుకుంటాడో పలికినవాడికి తెలిసి, అలా అనుకోనివ్వడం వల్ల ఆ క్షణానికి తనకు ఇబ్బంది తప్పుతుంటే, ఆ అర్థం పలికినవాడి ఖాతాలోకే వస్తుంది. కౌశికుడి కథను కృష్ణుడు ఏ సందర్భంలో చెప్పాడో గుర్తు చేసుకోండి. గాండీవాన్ని మరొకరికి ఇచ్చేయమన్నవాడిని చంపుతానని అర్జునుడు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మాట అన్నవాడు చివరకు ధర్మరాజు. అన్నను చంపకుండా మాట నిలిచేదెలా? పెద్దవాణ్ణి ‘నువ్వు’ అని తూలనాడితే అది చంపినదానితో సమానమేనని కృష్ణుడు దారి చూపించాడు. పలికిన మాటను దాని అక్షరంతో కాదు, అది మనుషుల మధ్య చేసే పనితో కొలవాలి. మీ ‘చూద్దాం’ ఆ ఇంట్లో ఏం పని చేసిందో కనుక్కున్నారా?

విశ్రాంత_గుమాస్తా
ఇంతకుముందు నేను రెండో బాకీ అన్నది ఇదే అయి ఉంటుందని నాకు తెలియదు. ఫోన్లు మానేసి వెళ్లి కలవండి. ఆయన పెద్దవారు, మీరే వెళ్లాలి.

అర్ధవిరామం
పది రోజుల తరువాత రాస్తున్నాను. వెళ్లాను. ఆయన తలుపు తీసి, కూర్చోమని చెప్పి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనే మొదలుపెట్టి, ఫీజుల సంగతి ఎత్తి, మీ ఋణం తీర్చుకోలేకపోయానని చెప్పబోతే చేత్తో ఆపేశారు. ‘ఆ డబ్బు గురించి నేను ఎప్పుడైనా అన్నానా’ అన్నారు. ఆయన కోపం దాని మీద కాదు. నేను ‘చూద్దాం’ అన్నందుకు పని అయినట్లేనని నమ్మి, అదే వారంలో మరోచోట జరగబోయే పరీక్షకు వెళ్లనక్కరలేదని కొడుకుకు తానే చెప్పారట. అబ్బాయి వెళ్లలేదు. ‘నీ వల్ల కాదని ఆ రోజే అని ఉంటే వాడు ఆ పరీక్ష రాసుకునేవాడు కదా’ అన్నారు. నాకు మార్కుల గురించి వాదించే అవకాశం కూడా ఆయన ఇవ్వలేదు. మార్కులు సరిగానే వేసి ఉంటావులే అని ఆయనే అనేశారు.

ఇన్నాళ్లూ నేను ఎవరికి ఏమి బాకీ ఉన్నానో తప్పుగా లెక్కపెట్టుకున్నాను. తర్కశాస్త్రి గారు చెప్పిన జాబితాలో నాది కృతజ్ఞత గడిలో లేదు, నష్టం పూడ్చడం అన్న గడిలో ఉంది. పైగా బాకీ ఆయనకు కాదు, ఆ అబ్బాయికి.

తర్కశాస్త్రి
అక్షరార్థం గురించి నేను వేసిన ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే తండ్రి తన ఊహ మీద కొడుకును ఆపేయడంలో ఆయన పాలు కూడా ఉందని ఒక్కసారి చెప్పి ఊరుకుంటాను.

వెన్నెలవాగు
ఉంది. దానిని లెక్కపెట్టవలసినవారు ఆయన.

సందేహాలరావు
ఇప్పుడు పూడ్చడం ఎలా? జారిపోయిన పరీక్షను ఎవరూ తిరిగి తెచ్చి ఇవ్వలేరు. ఇంకెక్కడైనా ఒక మాట చెప్పి సర్దుదామని మాత్రం అనుకోకండి, మొదటికే వస్తుంది.

అర్ధవిరామం
అటువంటి ఆలోచన లేదు. ముందుగా, ఇకపై పరిచయస్తులు అభ్యర్థులుగా వస్తే, పత్రంలో అడిగినా అడగకపోయినా చెప్పి తప్పుకుంటానని సంఘానికి రాసి ఇచ్చాను. కారణం అడిగారు, నా ఫీజుల కథ చెప్పాను. ఎవరూ వింతగా చూడలేదు. ఇన్నేళ్లు దాచుకున్నందుకు నాకే వింతగా అనిపించింది.

అబ్బాయితో విడిగా మాట్లాడి జరిగినదంతా చెప్పాను, నేను వేసిన ఏడు గురించి కూడా దాచలేదు. అతను శాంతంగా విన్నాడు. వచ్చే పరీక్షకు నాకు తెలిసినంతవరకు దగ్గరుండి చదివిస్తానని, ఆదివారాలు ఉదయం నా సమయమంతా అతనిదేనని చెప్పి, ఈ ఆదివారం నుంచి కూర్చుందామా అని అడిగాను.

‘చూద్దాం అండీ’ అన్నాడు.

చివరిబెంచి
ఆదివారం వచ్చాడో లేదో ఇక్కడ తప్పకుండా రాయండి. ఈసారి నాకు నిద్ర పట్టేలా లేదు.